నల్లగొండ ప్రహసనము

1996వ సంవత్సరపు లోక్‌సభ యెన్నికలలో నల్లగొండ నియోజకవర్గమునుండి 480 మంది అభ్యర్థులు పోటీచేసిరి. చదువరులు దీనిని అచ్చుతప్పుగా భావింపరాదు. అక్షరములలోనే వ్రాయుదుము: నాలుగువందల యెనుబదిమంది. వీరిలో అత్యధికులకు పక్షము లేదు, పరివారము లేదు, పదవిపై నాశ అంతకంటె లేదు. జలసాధన సమితివారి పిలుపు నందుకొని, ధరావతు సొమ్ము కూడబెట్టుకొని, కచేరికి పోయి నామపత్రములు దాఖలు చేసినవారు వీరు. కృష్ణవేణి తమ జిల్లా యంచునుండియే పారుచుండగా తాము విషపునీరు త్రావి యెముకలు వంకరలు పోవుచున్నామని దేశమునకు తెలుపుటయే వీరి సంకల్పము. వినతిపత్రము చదువనివారు ఓటుకాగితము నైనను చదువకపోవుదురా యని తలచిరి.

చదువక తప్పలేదు. ఇన్ని పేళ్లను, ఇన్ని గుర్తులను ఒక్క కాగితముపై నెక్కించు టెట్లు? కాగితము పోయి పుస్తకము వచ్చెను. అక్షరాభ్యాసము లేని ముదుసలి యొక పుస్తకమును చేత బుచ్చుకొని, పుట తరువాత పుట త్రిప్పుచు తన గుర్తును వెదకికొనవలసిన స్థితి యేర్పడెను. సిద్ధపడుటకు వ్యవధి చాలక ఎన్నికల సంఘమువారు పోలింగునే వాయిదా వేసిరి. తక్కిన భారతదేశ మంతయు ఓటువేసి ఇంటికి పోయిన పిమ్మట నల్లగొండ ఓటువేసినది. నిజామును ఎదిరించి కారాగారవాస మనుభవించిన బొమ్మగాని ధర్మభిక్షము గారు గెలిచిరి. 477 మందికి ధరావతు పోయినది.

ఇక ఢిల్లీ యేమి చేసినదో వినుడు. అదే సంవత్సరమున ప్రజాప్రాతినిధ్య చట్టమును సవరించి లోక్‌సభ అభ్యర్థి కట్టవలసిన ధరావతును 500 రూపాయలనుండి 10,000 రూపాయలకు పెంచిరి. గుర్తింపుగల పక్షము బలపరుపని అభ్యర్థిని పదిమంది ఓటర్లు ప్రతిపాదింపవలెనని కట్టడి చేసిరి. తమిళనాట మొదకురిచ్చి శాసనసభా స్థానమున ఆ యేడే 1,033 మంది నిలుచుటయు ఈ సవరణకు కారణమే. నేరమంతయు నల్లగొండదే యని మేమనము. కాని జరిగిన దానిని సూటిగా చెప్పుకొందము. ప్రజలు నీళ్లడిగిరి. ప్రభుత్వము వారికి అడుగుటకు కట్టవలసిన రుసుమును ఇరువదింతలు చేసినది.

దీనికంటె గొప్ప ప్రహసనమును ఏ నాటకకర్త కల్పింపగలడు? కల్పన యక్కరలేదు, వేషము లక్కరలేదు, కచేరి గుమస్తాయే విదూషకుడు, గెజెట్టే భరతవాక్యము. ఈ కథ జరిగి మూడు దశాబ్దము లగుచున్నది. ఏటేట వందలకొలది చిత్రములు తీయుచు, లోకమునకెల్ల తమ చిత్రములు పోవుచున్నవని చాటుకొను తెలుగు సినిమావారిలో ఈ కథను పేరుమోసిన చిత్రముగా మలచినవా డొక్కడును లేడేమి? ఇది మా ప్రశ్న. ఈ ప్రశ్న మాకు మలయాళదేశపు చిత్రమొకటి చూచినప్పుడు పుట్టినది కనుక ఆ చిత్రమును గూర్చి కొంత చెప్పవలసి యున్నది.

చిత్రము పేరు పంచవడిప్పాలం. పాలమనగా వారి భాషలో వంతెన. 1984లో కె. జి. జార్జిగారు తీసిరి. వేలూరు కృష్ణన్‌కుట్టి యను హాస్యరచయిత కథ దీనికి మూలము; సంభాషణలు వ్రాసినది వ్యంగ్యచిత్రకారుడు యేసుదాసన్. ఐరావతక్కుళి యను పంచాయతీ. దాని యధ్యక్షుడు దుశ్శాసనకురుప్పు; అతని యిల్లాలు మండోదరి; అతని చెవిలో నూదు మంత్రి శిఖండిపిళ్ల. పేళ్లతోనే సగము పని యైపోయినది. ఊరిలో నొక వంతెన యున్నది. అది నిక్షేపముగా నున్నది. అదియే దాని నేరము! నిలిచియున్న వంతెనవలన అధ్యక్షునికి కీర్తి రాదు, గుత్తేదారునకు లాభము రాదు, ప్రతిపక్షమునకు వాటా రాదు. కావున అది శిథిలమైనదని యొక పుకారు పుట్టింతురు, తీర్మానము చేయుదురు, కూలగొట్టుదురు. క్రొత్త వంతెన యెక్కడ కట్టవలెనని పక్షములు కొట్టుకొనును. పంపకము కుదిరినంతనే కౌగిలించుకొనును. తుదకు ప్రారంభోత్సవము నాడు, పెండ్లియూరేగింపు దానిపై సాగుచుండగా, క్రొత్త వంతెన కూలును. పెద్దలందరు ఈదుకొని గట్టెక్కుదురు. చచ్చినవా డొక్కడే: కాతవరాయడు, కాళ్లులేక చక్రముల పలకపై ప్రాకుచు బిచ్చమెత్తుకొను కుంటివాడు.

చిత్రము పొడవునను ఈ కాతవరాయడు అందరి కాళ్లనడుమ తిరుగుచునే యుండును. ఎవరును వానిని సభకు పిలువరు. ఏ తీర్మానములోను వాని పేరు లేదు. రెండుగంటలు పొట్ట చెక్కలగునట్లు నవ్విన ప్రేక్షకుడు ఆ చివరి నిమిషమున గొంతుక పట్టుకొని కూర్చుండును. తాను నవ్వుచున్నంతసేపును ఎవడు చచ్చుటకు సిద్ధమగుచుండెనో అప్పుడు వానికి తెలియును. దీనినే ఇప్పటి విమర్శకులు చీకటి హాస్య మందురు. పేరేదైన నేమి? పని జరిగినది.

ఎంతగా జరిగినదనగా, కొచ్చి నగరమున పాలారివట్టము వంతెన 2016లో తెరువబడి, బీటలువారి, 2019లో మూయబడినప్పుడు కేరళీయుల నోట మొదట వెడలిన పేరు పంచవడిప్పాలమే. ముప్పదియైదేండ్లనాటి చిత్రము వర్తమాన వ్యవహారమునకు పేరై నిలిచినది. ఆ వంతెనను కూల్చి మరల కట్టి 2021లో తెరచిరి. ఒక హాస్యచిత్రము వలన వంతెనలు కూలకుండునని మేము చెప్పుట లేదు. కూలిన నాడు సామాన్యుని నోట ఒక మాట సిద్ధముగా నుండును. ఆ మాట మంత్రి యుపన్యాసముకంటె పొట్టిది, త్వరగా పరుగెత్తునది.

మాకు వెంటనే వచ్చు నాక్షేపణ మెరుగుదుము. "అయ్యా, నల్లగొండలో పండ్లు గారపట్టి, మోకాళ్లు వంగి, నడుము నిలువక మంచముపట్టిన అభాగ్యు లున్నారు. పాలమూరు కూలీలు ముల్లె నెత్తినబెట్టుకొని దేశదేశములు తిరిగినవారు. ఇట్టివారి దుఃఖముపై హాస్యచిత్రమా? ఇది పుండుపై కారము గాదా?" అని కొందరు సజ్జనులు మమ్ము ప్రశ్నింతురు. మంచిమాట. ప్రశ్న యథార్థమైనదే. అయితే ఆ సజ్జనులనే మేమొక్కటి అడిగెదము. వంగినవానిని చూచి నవ్వుట యొకటి, వంచినవానిని చూచి నవ్వుట మరియొకటి. మొదటిదానిని తెలుగు తెర దశాబ్దములపాటు నిస్సంకోచముగా చేసినప్పుడు మీ రెక్కడ నుంటిరి? తెలంగాణపు మాట వినబడిన చాలు, పలికినవాడు తాగుబోతో, రౌడీయో, నాయకుని చెంపదెబ్బలు తిను బంటో యని పిల్లలకుకూడ తెలిసిపోవునట్లు చేయలేదా? నాయకునకు కృష్ణాతీరపు భాష, ప్రతినాయకుని యనుచరునకు నల్లగొండ భాష – ఇది యే భరతశాస్త్రములోని సూత్రము? అప్పుడు నొవ్వని హృదయములు, కచేరీని చూచి నవ్వుదమనగానే నొచ్చుచున్నవా?

పంచవడిప్పాలమున కాతవరాయని జూచి నవ్వు పుట్టించు ఘట్టమునకై వెదకుడు. అతని కుంటితనము నవ్వులాటకు వస్తువు కాదు. వాని చుట్టును నిలువుగా నడచువారి యంతరంగములే వంకరలు. ఈ విచక్షణము తెలియనివాడు ఇట్టి చిత్రమును తీయరాదు. తెలిసినవానిని వలదనుటకు మనకు హక్కు లేదు.

ఇంకొక యాక్షేపణ: ఇది మన సంప్రదాయము కాదు, కేరళమువారికి చాక్యారుకూత్తున్నది, రాజునెదుటబెట్టుకొనియే రాజును దెప్పు విద్య వారికి తరతరములనుండి యబ్బినది, మనకేది యందురు. ఔరా! ఎంత మరపు! మన పల్లెలలో పిట్టలదొర యను వానిని చూడనివా రెవరు? చిరిగిన ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజమున కఱ్ఱతుపాకి. లేని ఎకరములను, లేని మేడలను, లేని యధికారమును ఏకరువుపెట్టి, గొప్పలు చెప్పి చెప్పి, తుదకు పిడికెడు గింజలకు చేయిచాచును. దొరతనము యొక్క వేషమును దొర వాకిటనే విప్పిచూపుటకు ఈ విద్య పుట్టినది. దొర నవ్వెను, గింజలు వేయించెను. తన్ను గూర్చియే నవ్వితినని ఎరుగడు. ఈ ధైర్యము అంతకంతకు తెరమీద నాయకుని ప్రక్కన గెంతు పరిహాసకుని పాలాయెను.

చదువుకొన్న వారిలోను ఈ విద్య లేకపోలేదు. గోలకొండ పత్రికను 1926లో స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారు మహబూబునగరు జిల్లావారు. నిజాము రాష్ట్రమున కవులు లేరని యొకరు వ్రాయగా, వాదములాడక 354 మంది కవుల రచనలు గూర్చి 1934లో గోలకొండ కవుల సంచిక నచ్చొత్తించిన మహానుభావుడు. ఆయనయే మొగలాయి కథలను వ్రాసి ఆనాటి కచేరీల వింతతీర్పులను, అధికారుల తెలివితక్కువలను నవ్వులపాలు చేసెను. ఆంధ్రుల సాంఘిక చరిత్రను వ్రాసిన గంభీరుడు, మొగలాయి కథలు వ్రాసిన చమత్కారి ఒక్కరే యగుట పాలమూరు మట్టి గుణము. ఆ పుస్తకము చేతనుండగా మనకు సంప్రదాయము లేదనుట పుట్టింటి పేరు మరచుటయే.

కవులు లేరన్న మాట పోయినది. కథలు లేవన్న మాట మాత్రము ఫిలిమునగరులో నేటికిని వినబడుచునే యున్నది. అక్కడి వర్తకులు కేరళమునకు పోయి కథలు కొనితెచ్చుచున్నారు. మహేషింటె ప్రతికారము అరకులోయలో ఉమామహేశ్వర ఉగ్రరూపస్య యైనది (2020). నాయాట్టు కోటబొమ్మాళి పి.యస్. యైనది (2023). కొనితెచ్చుకొనుట తప్పని మేమనము; మంచి విత్తనము పొరుగువాని చేనినుండి తెచ్చుకొనవచ్చును. కాని కైరళి నుండి మనము తేవలసిన విత్తనము కథ కాదు. పొరుగూరి పంచాయతీని, తన కులమును, తాను ఓటువేసిన పక్షమును పేరుపేరున చూచి నవ్వగల తెగువయే ఆ విత్తనము. దానిని డబ్బిచ్చి కొనుటకు వీలులేదు.

తెలుగు సినిమాకు ఆ తెగువ మొదటినుండి లేకపోలేదు. గూడవల్లి రామబ్రహ్మము గారు 1938లో మాలపిల్లను, 1939లో రైతుబిడ్డను తీసి జమీందారుల కోపమునకు గురియైరి. తెలంగాణ సాయుధపోరాటము మా భూమి చిత్రమైనది. 1980లో జనులు విరుగబడి చూచిరి. దానికి నిర్మాత యైన బి. నర్సింగరావుగారు 1988లో దాసి తీసిరి. గడీలోని మౌనమును తెరకెక్కించిన చిత్రమది, జాతీయ బహుమతులు పొందినది. కాని యివి కన్నీటి చిత్రములు, కోపపు చిత్రములు. నవ్వు యొక్క వంతు రాలేదు. 2023లో యెల్దండి వేణుగారి బలగము వచ్చినది. చావింట కాకి పిండము ముట్టకపోవుటనుబట్టి కుటుంబమంతటి కుళ్లును బయటబెట్టి, నవ్వించి యేడ్పించినది. పల్లెలలో తెరలుగట్టి ఊరంతయు ఒక్కచోట కూర్చుండి చూచిరి. మలయాళమున లిజో జోస్ పెల్లిస్సేరి 2018లో తీసిన ఈ.మ.యౌ. యను చావింటి చిత్రము ప్రక్కన దానిని పెట్టి చూడుడు. అచ్చట శవపేటిక, వాన, చర్చి, పోలీసు – తండ్రికి ఘనమైన యంత్యక్రియ చేయుదునన్న కొడుకు మాటను ఒక్కొక్కరే వచ్చి త్రుంచుదురు. మన చిత్రము అన్నదమ్ములు కలిసికొనుటతో తృప్తిపడినది. వారి చిత్రము ఊరి పెద్దరికము నంతయు ప్రశ్నించినది. బలగమును తక్కువచేయుట మా యుద్దేశము కాదు. ఇంటి వాకిలి దాటిన నవ్వు ఇంకను మిగిలియున్నదని మాత్రము చెప్పుచున్నాము.

ఆ వాకిలి దాటినవారు లేకపోలేదు, అయితే తెలుగున కాదు. సికిందరాబాదు తిరుమలగిరిలో పుట్టి పెరిగిన శ్యాం బెనెగళ్ గారు పోచంపల్లి నేతగాండ్ర కథను సుస్మన్ అను పేర 1987లో హిందీలో తీసిరి. హైదరాబాదు ఉర్దూ రచయిత్రి జీలానీబానో వ్రాసిన నర్సయ్య బావి కథను, మరిరెండు కథలతో కలిపి, వెల్ డన్ అబ్బా యను హాస్యచిత్రముగా 2010లో విడుదల చేసిరి. కథ చిత్రముగా నుండును. బీదవారికి ఉచితముగా బావి త్రవ్వించు సర్కారు పథకము. అర్మానలి యను మోటారు డ్రైవరు దానికి దరఖాస్తు పెట్టును. తహశీలులో నొకవాటా, ఇంజనీరునకు నొకవాటా, ఛాయాచిత్రము తీసినవానికి నొకవాటా. వాటాలు ముగియునప్పటికి బావికి రూపాయి మిగులదు. కాని కాగితములయందు బావి సంపూర్ణము. త్రవ్వినట్లు ధ్రువపత్రము, నీరు పడినట్లు ధ్రువపత్రము! అప్పుడు తండ్రియు కూతురును పోలీసుఠాణాకు పోయి, "మా బావి దొంగిలింపబడినది, వెదకిపెట్టు"డని ఫిర్యాదు చేయుదురు. బావి లేదనిన అధికారులు దొంగలగుదురు, ఉన్నదనిన చూపవలెను. ఊరిలో తక్కినవారును తమతమ బావులు పోయినవని వరుసగా వత్తురు. తుదకు ప్రభుత్వమే గడగడలాడును.

ఈ బావి యెవరిది? మనది. ఈ తహశీలు ఎవరిది? మనది. ఈ భాషకూడ మన దక్కనీయే. కాని తెలుగు రైతునకు ఈ చిత్రము తన భాషలో చేరలేదు. మన బావిని హిందీవారు వెదకిపెట్టిరి!

సామగ్రి చాలదందురా? నల్లగొండ పద్ధతి యను మాట ప్రపంచమందలి జలశాస్త్రజ్ఞులందరును ఎరుగుదురు. నాగపురపు జాతీయ పరిశోధనాలయమువారు పటిక, సున్నము, విరంజనచూర్ణము కలిపి నీటినుండి ఫ్లోరైడును తొలగించు నుపాయము నొకదానిని కనిపెట్టి దానికి మన జిల్లా పేరు పెట్టిరి. ఆఫ్రికాఖండమున టాంజానియా, ఇథియోపియా దేశములవరకు ఆ పేరు పోయినది. అచ్చటి పల్లెలలో నల్లగొండ యనగా విషము పోగొట్టు విద్య. ఇచ్చట మర్రిగూడెము, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతములలో నల్లగొండ యనగా విషము. జిల్లా పేరు ఓడ నెక్కి సముద్రములు దాటినది. జిల్లాలోని బాలుడు మంచము దిగి వాకిలి దాటలేకపోయెను. కరవు వచ్చినప్పుడెల్ల సర్కారువారు దయదలచి బోరుబావులు వేయించిరి. బోరు లోతు పోయినకొలది గ్రానైటు రాతినుండి ఫ్లోరైడు హెచ్చుగా దిగివచ్చెను. దయ హెచ్చినకొలది విషము హెచ్చెను. 2003లో ఒక పీడితుని ఢిల్లీకి గొనిపోయి ప్రధానమంత్రి వాజపేయిగారి బల్లపైననే పరుండబెట్టిరి. ఇట్టి దృశ్యమును వ్రాసినచో అతిశయోక్తి యని నిర్మాత కొట్టివేయును.

మిషన్ భగీరథ వచ్చిన పిమ్మట నదీజలములు గొట్టములద్వారా ఇండ్లకు వచ్చినవి; ఆ మేలును మేము కాదనము. 2020లో తెలంగాణమున ఫ్లోరైడు గ్రామములు లేవని ప్రకటింపబడినది. ప్రకటనకు గ్రామములు మారినవి, కాని వంగిన యెముక ప్రకటనకు తిన్నబడునా? 2022 మునుగోడు ఉపయెన్నికలో ఆ సంగతి మరల సభలకెక్కెను. ఫ్లోరైడు పరిశోధనకేంద్రము నిచ్చెదమని యీయలేదన్న కోపమున, చౌటుప్పల మండలమున, కేంద్రమును పాలించు పక్షమున కప్పటి యధ్యక్షుని పేర నొక సమాధి కట్టి పూలుజల్లిరి. దీనిని హాస్యమని మమ్ము మెచ్చుకొనుమన్నవా రున్నారు. మేము మెచ్చము. బ్రతికియున్నవానికి గోరీ కట్టుట వ్యంగ్యము కాదు. పక్షద్వేషమునకు పేదవాని రోగమును ముసుగు వేయుట. పంచవడిప్పాలమునకును దీనికిని భేద మిదియే: అందు రెండుపక్షములును ఒకే కాలువలో పడును. ఒకపక్షమును మాత్రమే ముంచు నవ్వు ఎన్నికలకూలికి వచ్చిన నవ్వు.

పాలమూరు సంగతి వేరే చెప్పవలెనా? 2016లో జిల్లాను ముక్కలుచేసి వనపర్తి, నాగరుకర్నూలు, గద్వాల యని పేళ్లుపెట్టిరి. తరువాత నారాయణపేటయు వేరయ్యెను. వలసకు సరిహద్దులు మారినవి గాని వలస మారలేదు. మేస్త్రీ చేతినుండి బయానా పుచ్చుకొని, ఆనకట్టలు, కాలువలు, మేడలు పరదేశములలో కట్టివచ్చినవారు పాలమూరువారు. కృష్ణానది తమ జిల్లాలోనే తెలంగాణమున ప్రవేశించును. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015లో పునాదిరాయి పడెను. 2023లో, శాసనసభ యెన్నికల ముంగిట, మొదటి మోటారు త్రిప్పి పండుగ చేసిరి. పొలమునకు నీరు పారుటకు ముందే పండుగకు జనము పారిరి. ప్రారంభోత్సవపు పందిరినుండి కథ మొదలుపెట్టుటకు కేరళపు దర్శకునికైన ఇంతకుమించి యేమి కావలెను?

ఇక నవ్వు ఆగు చోటు. నల్లగొండ ఫ్లోరైడు పల్లెలకు శ్రీశైలపు నీరు తెచ్చుటకు నల్లమల కడుపున దాదాపు 44 కిలోమీటర్ల సొరంగము తలపెట్టి రెండు దశాబ్దములు కావచ్చినది. ఎన్ని గడువులు పెట్టిరో, ఎన్ని గడువులు మార్చిరో. 2025 ఫిబ్రవరి 22వ తేదీన నాగరుకర్నూలు జిల్లా దోమలపెంటవద్ద ఆ సొరంగము కప్పు కూలెను. లోపల ఎనిమిదిమంది చిక్కిరి. మార్చి నెలాఖరునకు ఇద్దరి దేహములు మాత్రమే వెలికివచ్చెను. ఆ యెనిమిదిమంది యెవరు? నలుగురు జార్ఖండువారు, ఇద్దరు ఉత్తరప్రదేశమువారు, ఒకడు పంజాబువాడు, ఒకడు జమ్మూకాశ్మీరమువాడు. పాలమూరు కూలి పరదేశమునకు పోయి ఆనకట్ట కట్టును. పరదేశపు కూలి పాలమూరునకు వచ్చి సొరంగములో పడును. మంత్రులు వచ్చిరి, హెలికాప్టరులు వచ్చినవి, ప్రతిపక్షము వచ్చెను, నేరము మీదన నేరము మీదని యిరువురును పంచుకొనలేక తోసికొనిరి. మరల దుశ్శాసనకురుప్పు, మరల శిఖండిపిళ్ల. కాతవరాయడుమాత్రము ఈసారి యెనిమిదిమంది.

దీనిపై హాస్యచిత్రము తీయుమని మేమనుట లేదు. ఆ తల్లులకంట నీరు ఇంకను ఆరలేదు. కాని ఈ చావునకు దారితీసిన నలువది యేండ్ల ఫైళ్లు, టెండర్లు, గడువులు, శంకుస్థాపన శిలలు – వీనిని చూచి నవ్వని దేశము వీనిని సహించు దేశమగును. నాయకుని యొంటికాలి తన్నునకు పదిమంది గాలిలోనికెగురు చిత్రమును చూచి ఈలలువేయు ప్రేక్షకునకు, దుష్టుడనగా కత్తిపట్టిన మీసాలవా డొక్కడే. రుమాలుతో కండ్లద్దాలు తుడుచుకొనుచు, "పరిశీలనలో నున్నది" అని వ్రాలుచేసిన మెత్తని పెద్దమనిషిని వాడు గుర్తుపట్టడు. గుర్తుపట్టుట నేర్పువాడు ప్రహసనకారుడే. స్వరాజ్యములో పౌరునకు ఈ చదువు ఓటుకంటె తక్కువది కాదు. ఓటువేయుటకు ముందు కావలసినది.

నిర్మాతలు నష్టమందురు. పంచవడిప్పాలమున ఏనుగులు లేవు, విదేశపు కొండలు లేవు. ఒక వాగు, ఒక వంతెన, పదిమంది నటులు. నల్లగొండ కథకు ఒక కచేరి వసారా, ఒక అచ్చాఫీసు, కట్టలు కట్టిన బ్యాలెట్టు పుస్తకములు, ఒక యెండిన చెరువు చాలును. నాయకుడు కావలెనందురా? 480 మంది సిద్ధముగా నున్నారు. ప్రతినాయకుడు దొరకడందురా? 10,000 రూపాయల రసీదుపై వాని వ్రాలున్నది. సెన్సారువారు అడ్డుపడుదురందురు. పడనిండు. రామబ్రహ్మముగారికి జమీందారులు అడ్డుపడలేదా? ఆయన ఎదుర్కొన్నవారు నేటి సెన్సారు సభ్యులకంటె బలవంతులు.

ఫిలిమునగరు మాట వినునో వినదో. నల్లగొండ, దేవరకొండ, భువనగిరి, వనపర్తి, గద్వాల పఠనమందిరముల కార్యదర్శులకు మా మనవి యొకటి గలదు. ఒక ఆదివారము సాయంకాలము గోడకు తెల్లగుడ్డ కట్టి పంచవడిప్పాలమును ప్రదర్శింపుడు. మన పట్టణముల ఆసుపత్రులలో మలయాళపు దాదులు పలువు రున్నారు; వారిలో నొకరిని ఆహ్వానించి సంభాషణలను తెలుగున వినిపింపవేడుడు. మరునాటి యాదివారము వెల్ డన్ అబ్బా చూపుడు. మూడవవారము తెర వలదు. 1996లో అభ్యర్థులుగా నిలిచినవారిలో మీ యూర, మీ చుట్టుప్రక్కల ఎవరున్నను పిలిచి కుర్చీవేసి కూర్చుండబెట్టి, ధరావతు సొమ్మెట్లు కూర్చిరో, నామపత్రము నాడు కచేరిలో నేమి జరిగెనో, ఏ గుర్తు దొరికెనో, తమ పేరు పుస్తకములో ఎన్నవ పుటలో వచ్చెనో అడుగుడు. చిన్నవారిచేత వ్రాయింపుడు. వ్రాసినదానిని మాకు పంపినచో వారమునకు కొంతగా ప్రకటింతుము.